837 పలికే రేడియో

పోయిన కార్తీకమాసంలో మా అమ్మ రేడియో మూగబోయింది. ముందు ముల్లు కదలడం ఆగింది, అంటే లోపల డయల్ దారం తెగింది, అయినా ముల్లు ఎక్కడుంటే ఏంటి స్టేషన్ మాత్రం ఆకాశవాణి విజయవాడ, అంటే 837 మీదే ఉంది కదా అని ఆవిడ నాలుగు నెలలు అలాగే విన్నది. తర్వాత ఒకరోజు పక్కింటి పిల్లాడు చక్రం తిప్పేశాడు, మళ్ళీ వెనక్కి తిప్పబోతే గరగర తప్ప ఏమీ రాలేదు. గుడివాడలో మేము చిన్నప్పట్నుంచీ వెళ్ళే రిపేరు ఆయన విప్పి చూసి గ్యాంగ్ కండెన్సర్, అదే స్టేషన్ మార్చే భాగం, పోయిందమ్మా, ఈ సైజుది ఇప్పుడు బజార్లో దొరకట్లేదు, ఏదైనా పాత సెట్టు చేతికొస్తే దాన్లోంచి తీసి వేస్తా, అప్పటిదాకా ఆగండి అన్నాడు. ఆగాం. రాలేదు.

అలా అమ్మకి కొత్త రేడియో చూసే పని నా మీద పడింది. ఆరు నెలల్లో మూడు సెట్లు ఆ ఇంటికి వెళ్ళాయి. ఈ సంగతి ఆఫీసులో చెప్తే ఒకతను, ఈ రోజుల్లో రేడియో కొనడానికి అంత ఆలోచన ఏంటండీ, ఫోన్లో యాప్ వేసిచ్చేస్తే అయిపోయేదానికి అన్నాడు. అప్పటికప్పుడు సరైన జవాబు తట్టలేదు. కానీ అతను అన్నదాంట్లో తప్పు ఉందని మాత్రం గట్టిగా అనిపించింది, ఇంటికొచ్చాక కూడా అదే ఆలోచన. ఆ జవాబే ఇక్కడ రాస్తున్నా, కాస్త పొడుగ్గానే వస్తుంది.

నేను చెప్పదల్చుకున్నది ఒకటే. ఇంటికి రేడియో కొనేటప్పుడు మనం అట్టపెట్టె మీద ఏం రాశారో చదువుతాం, ఆ ఇంట్లో ఏ స్టేషన్ వింటారో, ఆ స్టేషన్ గాల్లో ఏ దారిన వస్తుందో, వినే మనిషి చెయ్యి దేనికి అలవాటు పడిందో అడగం. నేనూ అడగలేదు, అందుకే మూడు సెట్లు అయ్యాయి.

డిజిటల్ అంటే ఏ డిజిటల్

మొదటి సెట్టు మా అక్క కొడుకు పంపాడు. వాడు ఇంగ్లండులో లెస్టర్లో ఉంటాడు, వాళ్ళ వంటింటి గట్టు మీద చిన్న డబ్బా లాంటి రేడియో ఒకటి ఉంటుంది, డ్యాబ్ అంటారు, అంటే డిజిటల్ ప్రసారాన్ని పట్టే రేడియో, స్టేషన్ పేరు, పాట పేరు కూడా తెర మీద పడతాయి, గరగర అన్న మాటే ఉండదు. అక్కడ బీబీసీ 1995 నుంచీ ఆ పద్ధతిలో ప్రసారం చేస్తోంది. నార్వేలో అయితే 2017లో దేశవ్యాప్త స్టేషన్లన్నీ ఎఫ్ఎం ఆపేసి డ్యాబ్‌కి మారిపోయాయి, స్విట్జర్లాండులో ప్రభుత్వ రేడియో 2024 చివర్లో ఎఫ్ఎంకి సెలవు చెప్పింది. ఆ దేశాల్లో ఉండేవాళ్ళు ఇంటికి చిన్న డిజిటల్ రేడియో కొనాలంటే ఆలోచించేదేం లేదు, డ్యాబ్ ప్లస్, అంటే దాని కొత్త రకం, ఉందో లేదో చూసుకుని తెచ్చుకోవడమే. వాడు అలాంటిదే అమ్మమ్మకి ప్రేమగా కొని, ఎవరో వస్తుంటే వాళ్ళ పెట్టెలో పెట్టి పంపాడు.

మన దగ్గర డ్యాబ్ ప్రసారాలు నడవవు. సెట్టు ఆన్ చేస్తే అది ఒక నిమిషం పాటు వెతికి స్టేషన్లు సున్నా అని చూపించింది. ఎఫ్ఎం ఉంది కాబట్టి ఏరియల్ బారుగా లాగి కిటికీ దగ్గర పెడితే విజయవాడ రెయిన్‌బో 102.2 వచ్చింది, పాటలు బాగానే వచ్చాయి. కానీ అమ్మ వినేది 837, మీడియం వేవ్, అంటే ఎఫ్ఎం కంటే దూరం పోయే పాతకాలపు బ్యాండ్. ఆ సెట్టులో మీడియం వేవ్ అనేదే లేదు, అక్కడ కొత్తగా వచ్చే డ్యాబ్ సెట్లలో చాలావాటికి ఉండదు. అమ్మ దాన్ని పైట చెంగుతో తుడిచి టీవీ పక్కన పెట్టి, "బాగుందిరా, బొమ్మలా ఉంది, వాడికి వింటున్నానని చెప్పు" అన్నది. అబద్ధం చెప్పాల్సొచ్చినందుకు ఆవిడ కంటే నాకే ఎక్కువ బాధేసింది.

అప్పుడు కూర్చుని చదివితే తెలిసింది, షాపుల్లో డిజిటల్ అన్న మాట మూడు వేరువేరు వస్తువులకి వాడుతున్నారని. ఒకటి, లోపలంతా పాత పద్ధతే, ముల్లు బదులు అంకెలు కనిపించే తెర ఒకటి పెడతారు, చక్రం తిప్పితే అంకెలు మారతాయి అంతే. రెండోది, స్టేషన్ పట్టుకునే పనంతా ఒక చిప్ చేస్తుంది, దాన్ని డీఎస్పీ అంటారు, ఫ్రీక్వెన్సీకి కచ్చితంగా తాళం వేసినట్టు నిలబడుతుంది, బటన్‌కి స్టేషన్ దాచుకోవచ్చు, అయితే గాల్లో వచ్చేది మాత్రం మామూలు మీడియం వేవ్, మామూలు ఎఫ్ఎం. మూడోది, ప్రసారమే డిజిటల్, అంటే అక్కడ డ్యాబ్, ఇక్కడ డీఆర్ఎం (డిజిటల్ రేడియో మాండియల్), మీడియం వేవ్ మీదే డిజిటల్‌గా పంపే పద్ధతి. అట్టపెట్టె మీద మాత్రం మూడింటికీ అదే పదం, అదే పెద్ద అక్షరాల్లో. కొనేవాడికి మూడోదాని మీద మోజు పుడుతుంది, చేతికి మొదటిది వస్తుంది, అవసరం మాత్రం చాలా ఇళ్ళలో రెండోదానిది.

డీఆర్ఎం సంగతి

ఇక్కడ ఎవరైనా ఆపి అడగొచ్చు, ఆకాశవాణి డిజిటల్ అయింది కదా, ఆ సెట్టే కొనొచ్చు కదా అని. న్యాయమైన ప్రశ్న, నేను దీని మీద చాలా రోజులు ఊగిసలాడా. ఆకాశవాణి దేశం మొత్తం మీద 35 మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లని డీఆర్ఎంకి సిద్ధం చేసింది, వాటిలో హైదరాబాదు, విజయవాడ రెండూ ఉన్నాయి. మామూలు ప్రసారం పక్కనే డిజిటల్ సిగ్నల్ కూడా పంపే ఏర్పాటు. కొత్త కార్లలో చాలా మోడళ్ళకి ఆ రేడియో కంపెనీ నుంచే వస్తోంది, కొన్నవాళ్ళలో సగం మందికి తమ కార్లో అది ఉందని కూడా తెలియదు అనుకుంటా.

మా తోడల్లుడి కార్లో విజయవాడ వస్తూ విన్నా. నందిగామ దగ్గర పట్టింది, పట్టడం పట్టడమే ఎంత శుభ్రంగా ఉందంటే అది మీడియం వేవ్ అంటే నమ్మబుద్ధి కాలేదు, వీణ తీగ మీద వేలు జారడం వినపడింది. అంతలో ఒక లారీ వెనకాల, హైటెన్షన్ లైన్ల కింద నుంచి పోతుంటే ఠక్కున ఆగిపోయింది. గరగర లేదు, తగ్గడం లేదు, శబ్దమే లేదు. నాలుగైదు సెకన్ల తర్వాత మళ్ళీ వచ్చింది. డిజిటల్ ప్రసారం తీరే అది, సరిపడా సిగ్నల్ ఉంటే నిండుగా ఉంటుంది, ఆ గీత దిగువకి పోతే మౌనం.

ఆ మౌనమే నన్ను ఆలోచనలో పడేసింది. మా అమ్మకి గరగర అంటే ఒక సమాచారం. గరగర వచ్చిందంటే సెట్టుని కాస్త అటు తిప్పుతుంది, ఇంకా పోకపోతే కిటికీ వైపు జరుపుతుంది, వానాకాలంలో చిటపటలు ఎక్కువైతే పిడుగులు పడేట్టున్నాయి బట్టలు తీయాలి అంటుంది. సిగ్నల్ బలహీనపడే కొద్దీ పాత రేడియో ఆ సంగతి ఆవిడకి చెప్తూనే ఉంటుంది, ఆవిడ దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. ఠక్కున ఆగిపోయే సెట్టు ఇస్తే ఆవిడకి అర్థమయ్యేది ఒకటే, పాడైపోయింది అని. ఆఫ్ చేసి పక్కన పెట్టేస్తుంది.

దానికి తోడు ధర. ఇంట్లో పెట్టుకునే డీఆర్ఎం సెట్లు మన దగ్గర చాలా తక్కువ, నేను చూసినప్పుడు ఉన్న ఒకటి రెండు పది వేలు దాటాయి. వెయ్యీ పదిహేను వందల్లో వచ్చే రోజు ఎవరైనా తెస్తే నా మాట మార్చుకుంటా, నిజంగానే మార్చుకుంటా, ఎందుకంటే ఆ వీణ ఇంకా చెవుల్లోనే ఉంది. ప్రభుత్వం స్తంభాల మీద అంత డబ్బు పెట్టి, వినేవాడి చేతిలో సెట్టు సంగతి పట్టించుకోకపోవడం మాత్రం నాకు మింగుడుపడదు. పంపేవైపు సిద్ధంగా ఉండి వినేవైపు ఎవరూ లేకపోతే దాన్ని ప్రసారం అని ఎలా అంటాం.

840 దగ్గర రెండు వారాలు

రెండో సెట్టు నేనుండే హైదరాబాదులో, కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నా. బ్లూటూత్, పెన్ డ్రైవ్, టార్చి లైటు, మెరిసే రంగులు అన్నీ ఉన్నాయి, మీడియం వేవ్ కూడా ఉంది అని కుర్రాడు స్విచ్ చూపించాడు. ఆ గల్లీలో ఏ సెట్టు పెట్టినా మీడియం వేవ్ మీద బుయ్యిమనే మోతే వస్తుంది, చుట్టూ అన్ని వైర్లు, అడాప్టర్లు, కాబట్టి అక్కడ పరీక్షించడం కుదరదు, ఊరికి తీసుకెళ్ళాకే తెలిసింది ఆ డబ్బాలో ఏరియల్ రాడ్ చిటికెన వేలంత కూడా లేదని. పొడుగ్గా లాగే స్టీలు ఏరియల్ ఎఫ్ఎంకి, షార్ట్ వేవ్‌కి మాత్రమే పనికొస్తుంది. మీడియం వేవ్‌ని పట్టేది లోపల నల్లగా ఉండే ఫెరైట్ రాడ్, దాని మీద సన్నని రాగి తీగ చుట్టి ఉంటుంది. ఆ రాడ్ ఎంత పొడుగుంటే అంత బాగా వింటుంది. అందుకే చిన్న రేడియో అన్నప్పుడు ఎంత చిన్నది అన్నది ముఖ్యం, జేబులో పట్టేది ఎఫ్ఎంకి చాలు, మీడియం వేవ్‌కి కనీసం అరచేతికంటే వెడల్పుండాలి. ఈ సంగతి ఏ డబ్బా మీదా రాయరు.

ఆ సెట్టు గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు, ఇప్పుడు మా పాలేరు పొలంలో పాటలు పెట్టుకుంటున్నాడు.

మూడోది తెలుసుకుని మరీ కొన్నా. డీఎస్పీ చిప్, పొడుగు రాడ్, అంకెల తెర, పక్కన తిప్పే చక్రం, విదేశం నుంచి వచ్చిన సెట్టు, ఆన్‌లైన్లో తెప్పించి నేరుగా ఊరికే పంపించేశా. ఫోన్లో మా తమ్ముడి కొడుకు చేత విజయవాడ పెట్టించా, వచ్చింది బాబాయ్ అన్నాడు, అమ్మా వస్తోందా అంటే వస్తోంది అన్నది. నాకు పెద్ద బరువు దిగినట్టయింది.

రెండు వారాల తర్వాత వెళ్ళా. తెల్లారుజామున లేచేసరికి అమ్మ వంటింట్లో రేడియో పెట్టుకుని కాఫీ కాస్తోంది. భక్తిరంజని వస్తోంది గానీ ఆ గొంతు ముక్కు మూసుకుని పాడుతున్నట్టుంది, స పలికినప్పుడల్లా సుయ్‌మంటూ చీలుతోంది. ఇదేంటమ్మా ఇలా వస్తోంది అంటే, "ఇప్పుడు స్టేషన్ వాళ్ళదే అలా వస్తోందిరా, గొంతులు పోయినయ్యి, కొత్తవాళ్ళు అనుకుంటా" అన్నది. తెర వైపు చూశా. 840 అని ఉంది.

విజయవాడ 837. మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్లు 9 కిలోహెర్ట్జ్ ఎడం చొప్పున ఉంటాయి, కాబట్టి అంకెలన్నీ తొమ్మిదో ఎక్కంలో పడతాయి, హైదరాబాదు 738, విశాఖపట్నం 927, కడప 900, అన్నీ తొమ్మిదితో భాగిస్తే పోయేవే. అమెరికా వైపు 10 ఎడం. ఆ సెట్టు పదుల్లో గెంతేలా పెట్టి వచ్చింది, చక్రం ఎంత తిప్పినా 830, 840 తప్ప 837 అనేది దానికి తెలియదు. మా తమ్ముడి కొడుకు దగ్గర్లో ఉన్నది పెట్టి వచ్చింది అన్నాడు, వాడి తప్పేం లేదు. మాన్యువల్ చదివితే సెట్టు ఆఫ్‌లో ఉన్నప్పుడు ఒక నంబరు బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే 9కి మారుతుందని ఉంది, నొక్కా, మారింది, 837 పెట్టా. వంటిల్లంతా ఒక్కసారిగా తేటపడినట్టయింది. అమ్మ గరిటె పట్టుకుని వెనక్కి తిరిగి చూసింది.

"అయితే వాళ్ళ గొంతులు బాగానే ఉన్నాయన్నమాట" అన్నది.

రెండు వారాలు ఆవిడ ఆ చీలిన గొంతుని విన్నది, ఒక్కసారి కూడా నాకు చెప్పలేదు. కొడుకు డబ్బు పెట్టి కొన్నాడు కాబట్టి సెట్టు మంచిదే, తేడా ఉంటే స్టేషన్లోనే ఉండుంటుంది అనుకుంది. పాత రేడియో అయితే ఇది జరిగేదే కాదు, చక్రం సన్నగా తిప్పుకుంటూ గొంతు సరిగ్గా పలికే చోట ఆవిడే ఆపేది, అంకె తెలియాల్సిన పనే లేదు. నలభై ఏళ్ళుగా ఆవిడ చెవి చేసిన పనిని ఈ సెట్టు తన చేతిలోకి తీసుకుని, తప్పుగా చేసి, సరిదిద్దుకునే వీలు ఆవిడకి లేకుండా చేసింది. డిజిటల్ ట్యూనింగ్ మీద నాకున్న అసలైన అభ్యంతరం ఇదే.

అయితే సరిగ్గా పెట్టాక అది చేసే మేలు కూడా చెప్పాలి. పాత సెట్టు వేడెక్కితే స్టేషన్ జారేది, గంటకోసారి సవరించుకోవాలి. ఇది జారదు. బ్యాండ్‌విడ్త్ అని ఒకటుంది, స్టేషన్ చుట్టూ ఎంత వెడల్పు మేర వినాలో చెప్పేది, 3 దగ్గర పెడితే పక్క స్టేషన్ల గోల పోయి వార్తలు తేటగా వస్తాయి, 6 దగ్గర పెడితే పాట నిండుగా వస్తుంది, ఆ సదుపాయం పాత రెండు బ్యాండ్ల సెట్లలో లేదు. చేతులు వణికే మనిషికి సన్నగా చక్రం తిప్పడం కంటే ఒక బటన్ నొక్కడం తేలిక. మా అమ్మకి ఇప్పుడు 76, ఇంకో ఐదేళ్ళకి ఆ వేళ్ళు ఎలా ఉంటాయో తెలియదు.

ఫోన్ సరిపోదా

ఇక ఆఫీసు ఆయన ప్రశ్న. ఆకాశవాణి యాప్ ఉంది, విజయవాడ కూడా దాన్లో వస్తుంది, నేనే హైదరాబాదులో అలా వింటా. మా ఫ్లాట్లో మీడియం వేవ్ పని చెయ్యదు. ఒక ఆదివారం ఇంట్లో అందరూ బయటికెళ్ళాక మెయిన్ ఆఫ్ చేసి, ఇన్వర్టర్ కూడా ఆపి చూశా, సెల్స్ మీద నడిచే సెట్టులో 738 చక్కగా పలికింది. మెయిన్ ఆన్ చేసి ఎల్ఈడీ బల్బులు, రౌటర్ అడాప్టరు, ఇన్వర్టర్ ఒక్కోటీ వేస్తుంటే ఒక్కోదానికీ మోత ఒక్కో పొర పెరుగుతూ వచ్చింది. అపార్టుమెంట్లో మన ఒక్కరం ఆపితే సరిపోదు, పైవాళ్ళు, కిందవాళ్ళు ఉంటారు. కాబట్టి హైదరాబాదు ఫ్లాట్లలో ఉండేవాళ్ళకి నేను మీడియం వేవ్ కోసం డబ్బు పెట్టమని చెప్పను, వివిధభారతి 102.8, రెయిన్‌బో 101.9 వినడానికి మంచి ఎఫ్ఎం సెట్టు చాలు.

అమ్మ ఇల్లు వేరు. పామర్రు దగ్గర పల్లెటూరు, విజయవాడకి 50 కిలోమీటర్ల లోపే, మధ్యలో కొండా గుట్టా ఏమీ లేదు. మీడియం వేవ్ నేలని పట్టుకుని పోతుంది, తడి నేల అయితే ఇంకా బాగా పోతుంది, వరి మళ్ళ మీదుగా వచ్చే 837కి ఆ ఇంట్లో విడిగా ఏ ఏరియలూ అక్కర్లేదు. మోత చేసేది ఒక్కటే, సెట్‌టాప్ బాక్సు అడాప్టరు, ఒక్కో ప్లగ్గూ పీకుతూ పోతే దొరికింది. రేడియో వింటున్నంతసేపు దాని స్విచ్ ఆపమని చెప్పా.

ఆ ఇంట్లో ఫోన్ ప్రయత్నం కూడా చేశా. యాప్ వేసి, తెర మీద పైనే పెట్టి, ఇది నొక్కమ్మా అని చూపించా. రెండు రోజులు విన్నది. మూడో రోజు వింటుండగా మా అత్తయ్య ఫోన్ చేసింది, మాట్లాడి పెట్టేశాక రేడియో మళ్ళీ రాలేదు, ఎక్కడ నొక్కాలో తెలియక ఊరుకుంది. అసలు ఆవిడ రేడియో వినేది చేతులు పిండిలోనో, బియ్యంలోనో ఉన్నప్పుడు. తడి వేలికి ఫోన్ పలకదు. మోచేత్తో నొక్కి ఆన్ చెయ్యగల వస్తువు కావాలి ఆవిడకి. ఇంకో సంగతి, ఫోన్ తీస్తే దాన్లో రేడియోతో పాటు అందరి కబుర్లూ, ఫోటోలూ, అప్పుల మెసేజీలూ ఉంటాయి. రేడియో ఆన్ చేస్తే రేడియో మాత్రమే ఉంటుంది.

2024 సెప్టెంబరు గురించి కూడా చెప్పాలి. విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు మా పిన్ని వాళ్ళు పై అంతస్తులో ఇరుక్కుపోయారు. మొదటి రోజు ఫోన్లున్నాయి, కరెంటు లేదు. రెండో రోజుకి ఇంట్లో నాలుగు ఫోన్లూ చచ్చిపోయాయి. నీళ్ళు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా, పడవలు ఏ వైపు వస్తున్నాయి, గండ్లు పూడ్చారా లేదా, ఏమీ తెలియదు, మెట్ల మీద ఇటుకతో గీత గీసి నీళ్ళు ఎంత తగ్గాయో చూసుకుంటూ కూర్చున్నామని పిన్ని చెప్పింది. ఐదుగురు చదువుకున్నవాళ్ళున్న ఇల్లు, సెల్స్ మీద నడిచే రేడియో ఒక్కటి లేదు. మా పిన్ని వాళ్ళింట్లో ఒకప్పుడు మర్ఫీ సెట్టు ఉండేది, పక్క వీధి వాళ్ళు కూడా వచ్చి వినేవాళ్ళు. ఇప్పుడు నేను మా బంధువులకి ఎవరికైనా కొని పెడితే మొదట అడిగేది అదే, సెల్స్ వేసుకునే వీలుందా.

సెల్స్ లెక్క

ఈ విషయంలో డిజిటల్ సెట్టు పాతదానికి సాటి రాదు, ఇది ఒప్పుకోవాలి. పాత రేడియోలో రెండు పెద్ద సెల్స్ వేస్తే రోజుకి నాలుగు గంటల చొప్పున రెండు నెలలకి పైగా వచ్చేవి. కొత్తదాంట్లో మూడు పెన్సిల్ సెల్స్, పది పన్నెండు రోజులకి అయిపోయాయి. చిప్, తెర, గడియారం అన్నీ కరెంటు తింటాయి, ఆఫ్‌లో ఉన్నా కొంచెం తింటాయి. అమ్మ మొదటిసారి సెల్స్ అయిపోయినప్పుడు వెంటనే లెక్క వేసింది, నెలకి ఎన్ని సెల్స్, ఎంత అవుతుంది అని, తర్వాత వినడం తగ్గించేసింది. మధ్యాహ్నం కార్యక్రమాలు మానేసింది. నాకు ఈ సంగతి కూడా ఆవిడ చెప్పలేదు, తమ్ముడు చెప్పాడు.

రీచార్జబుల్ సెల్స్ రెండు జతలు, ఒక చార్జర్ కొనిచ్చాక ఆ బెంగ తీరింది. లోపలే బిగించేసిన బ్యాటరీ ఉన్న సెట్లు ఈ విషయంలో సుఖంగా కనిపిస్తాయి, ఫోన్ చార్జర్‌తోనే చార్జ్ అవుతాయి, కానీ రెండు మూడేళ్ళకి ఆ బ్యాటరీ ఉబ్బితే అదే సైజుది ఎక్కడ దొరుకుతుంది. గ్యాంగ్ కండెన్సర్ కోసం ఆరు నెలలు ఎదురుచూసిన ఇల్లు మాది. కిరాణా కొట్లో దొరికే సెల్ వేసుకునే సెట్టే కొనండి అని ఎవరికైనా చెప్తా. షార్ట్ వేవ్ ఉందని ఎక్కువ పెట్టొద్దని కూడా చెప్తా. మా నాన్న తరానికి షార్ట్ వేవ్ అంటే రేడియో సిలోన్, అక్కడి అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు, ఇప్పుడు ఆ బ్యాండ్ మీద తెలుగింటికి దొరికేది దాదాపు ఏమీ లేదు.

రాత్రిళ్ళు మీడియం వేవ్ మాత్రం ఇప్పటికీ నాకు అబ్బురమే. పగలు ఎండకి పైన ఆకాశంలో తయారయ్యే ఒక పొర ఈ తరంగాల్ని మింగేస్తుంది, పొద్దుగూకాక అది పలచబడిపోతుంది, ఇంకా పైనున్న పొర వాటిని తిప్పి కిందికి పంపిస్తుంది, అప్పుడు వందల కిలోమీటర్ల అవతలి స్టేషన్లు వస్తాయి. చిన్నప్పుడు డాబా మీద పడుకుని నాన్న ముల్లు తిప్పుతుంటే హైదరాబాదు, మద్రాసు, తెలియని భాషలు ఏవేవో వచ్చి పోయేవి. మొన్న కొత్త సెట్టు పట్టుకుని అదే డాబా ఎక్కా. అంకెలు తెర మీద తొమ్మిదేసి గెంతుతున్నాయి, ఒక్కో గెంతుకీ మధ్యలో చిన్న నిశ్శబ్దం, నాన్న చేతిలో ముల్లు జారుతుంటే ఒక స్టేషన్ ఇంకో స్టేషన్లోకి కరిగిపోయేది, అది ఇందులో లేదు. కానీ 738 దగ్గర హైదరాబాదు వచ్చింది, అలలా పెరుగుతూ తగ్గుతూ, అప్పటిలాగే.

ఇప్పుడు ఆ సెట్టు అమ్మ మంచం పక్కన స్టూలు మీద ఉంటుంది. ఒకటో నంబరు బటన్ మీద ఎర్రటి స్టిక్కర్ బొట్టు అతికించుకుంది, పాత రేడియో డయల్ మీద విజయవాడ దగ్గర కూడా అలాంటి బొట్టే ఉండేది, దాని రంగు పోయి జిగురు మరక మాత్రం మిగిలింది. రాత్రి కళ్ళు మూసుకునే వేలితో తడిమి నొక్కుతుంది. శబ్దం ఒకటిలో పెట్టినా తెల్లారుజామున కాస్త ఎక్కువే అనిపిస్తోందట, అందుకని మీద చేతిరుమాలు కప్పుతుంది. గంటకి దానంతటదే ఆగిపోయేలా పెట్టడం మాత్రం నేర్చుకుంది, అది ఆవిడకి బాగా నచ్చింది, నిద్రపట్టాక ఎవరూ లేచి ఆపక్కర్లేదు అంటుంది.

పోయిన వారం గుడివాడ రిపేరు ఆయన ఫోన్ చేశాడు. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ పాత సామాన్లు తూకానికి వేస్తుంటే వాటిలో మన సెట్టు లాంటిదే ఒకటి దొరికిందట, గ్యాంగ్ తీసి వేశా, దారం కూడా కొత్తది కట్టా, మూడొందలివ్వండి అన్నాడు. తమ్ముడు వెళ్ళి తెచ్చాడు. అమ్మ దాన్ని వంటింట్లో పాత చోటే, బియ్యం డబ్బా మీద పెట్టి, రెండు పెద్ద సెల్స్ వేసి, ముల్లు తిప్పుతూ ఆ జిగురు మరక దగ్గర ఆపింది. నాకు ఫోన్ చేసి, "ఆ కొత్తది తీసుకుపోవద్దులే, ఉండనీ" అన్నది, వెనక నుంచి వినపడుతున్న రేడియో వంటింటిదో మంచం పక్కదో నాకు తెలియలేదు.